రెండోసారి అడగని దేశం

ప్రొద్దుటూరులో జర్మన్ భాష చెప్పి బతికిన మనిషిని నేను. ఈ మాట వినగానే ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాత ఎవరికి చెప్పావని అడుగుతారు. నర్సులకు చెప్పాను. నర్సింగ్ చదివిన మన పిల్లలు జర్మనీలో ఉద్యోగానికి పోవాలంటే ఆ భాషలో పరీక్ష పాసు కావాలి. వాళ్లను ఆ పరీక్షకు తయారు చేయడం నా పని. వారంలో నాలుగు రోజులు ప్రొద్దుటూరు, ఒకరోజు జమ్మలమడుగు, శనివారం పులివెందుల. భుజాన ఒక సంచి, సంచిలో పుస్తకం, నీళ్ల సీసా, గొడుగు. మిగిలిన జీవితమంతా బస్సు కిటికీ పక్కన గడిచింది.

ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి, పని మానేశాను. నా స్థానంలో ఇద్దరు కొత్త టీచర్లు చేరారు. మాకేమైనా చెప్పండి సార్ అంటే ఇది రాస్తున్నాను. వ్యాకరణం జోలికి పోను, అది పుస్తకంలో ఉంది. ఆ దేశపు అలవాట్లు, వాటి దగ్గర మన పిల్లలు పడిన తిప్పలు, నేను చేసిన ఒక పెద్ద తప్పు రాస్తాను.

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. ఇన్నేళ్లు ఆ దేశం గురించి చెప్పిన నేను ఆ దేశం చూడలేదు. చూడాలని మాత్రం ఇరవై రెండేళ్ల వయసు నుంచీ కోరిక.

చూడని ఊరు

హైదరాబాదులో ఎం.ఏ. చదివేటప్పుడు సాయంత్రం పూట జర్మన్ క్లాసులకు పోయేవాణ్ణి. చెప్పేది ఒక జర్మన్ ముసలాయన. గోడకు తెల్లగుడ్డ కట్టి, చిన్న మిషనుతో దాని మీద తమ ఊరి బొమ్మలు వేసి చూపించేవాడు. ఒక బొమ్మలో ఎర్ర పెంకుల ఇళ్లు, కప్పుల మీద మంచు, నడుమ ఒక గడియారపు స్తంభం. వీధిలో ఒకే ఒక్క మనిషి సైకిలు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ మనిషి స్థానంలో నేను నిలబడాలని అనుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. కొందరికి సినిమా పిచ్చి, కొందరికి పేకాట పిచ్చి. నాకు ఆ వీధి పిచ్చి.

రెండేళ్లలో క్లాసులో మొదటివాణ్ణయ్యాను. మొదట వచ్చినవాణ్ణి రెండు నెలలు ఆ దేశం పంపుతామన్నారు. పాస్‌పోర్టు కూడా చేతికొచ్చింది. ఇంతలో ప్రొద్దుటూరులో మా నాయనకు పక్షవాతం వచ్చిందని కబురు. ఆయన గుడిలో అర్చకుడు. ఇంటికి వచ్చేశాను, మళ్లీ పోలేదు. ఒక ప్రైవేటు కాలేజీలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. దాని గురించి రాసేదేమీ లేదు.

ఆ ముప్పై ఏళ్లూ జర్మన్ పుస్తకం బీరువాలోనే ఉంది. అప్పుడప్పుడూ తీసి, తలుపు వేసుకుని గట్టిగా చదివేవాణ్ణి. మా ఇంటావిడ సుభద్ర వంటింట్లోంచే "మళ్లా మొదలు పెట్టినారా" అనేది. ఆ గొంతులో విసుగు ఉండేది కాదు. నాకు ఆ ఊరు చూడాలని ఉందన్న సంగతి ప్రపంచంలో ఆమెకొక్కతికే తెలుసు.

కాలేజీ ఉద్యోగం అయిపోయిన నెలలోనే ఓబుల్‌రెడ్డి మా ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. అది మూతపడ్డాక విదేశీ ఉద్యోగాల కోచింగ్ సెంటర్ పెట్టాడు.

"సామీ, మీకు జర్మను వచ్చునంట గదా" అన్నాడు. "నర్సమ్మలకు నేర్పియ్యల్ల. పిల్లోల్లు శానామంది వస్తాండారు, చెప్పేటోల్లే లేరు."

వయసు చూసి కూడా అడిగావా అన్నాను. "జర్మనోల్లు చెప్పేటోల్ల వయసు అడగలేదు సామీ, పిల్లోల్లు పాసయినారా లేదా అనే అడిగినారు" అన్నాడు. అట్లా నా యజమాని అయ్యాడు.

మొదటి ఏడాది నేనొక పాడుపని చేశాను. "మీరు ఆడ ఎన్నేండ్లుండినారు సార్?" అని పిల్లలు అడిగితే, "ఉన్నాన్లే" అని నసిగాను. మంచు ఎట్లుంటుందంటే తెల్లగుడ్డ మీద చూసిన మంచునే వర్ణించాను. అబద్ధం చెప్పే టీచరు గొంతు వేరేగా ఉంటుంది, పిల్లలు కనిపెడతారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పని చేయవద్దు. రెండో ఏడాది మొదటిరోజే నిజం చెప్పేశాను. సగంమంది లేచిపోతారనుకున్నాను, ఎవరూ లేవలేదు. పులివెందుల క్లాసులో వెనక బెంచీ మీద ఒక అమ్మాయి మాత్రం, "అట్లయితే మేం పోయి చూసి మీకు చెప్తాంలే సార్" అంది. ఆ అమ్మాయి పేరు మల్లేశ్వరి.

తొమ్మిదంటే తొమ్మిది

మల్లేశ్వరిది పులివెందుల దగ్గర పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. ఈమధ్యే బోరు వేసి రెండెకరాల్లో చీనీ (బత్తాయి) చెట్లు పెట్టారు. వాళ్ల నాయన ఇప్పటికీ చెట్ల దగ్గరకంటే గొర్రెల దగ్గరే ఎక్కువ ఉండేవాడు. ఆ పిల్లకు భయమూ లేదు, బెరుకూ లేదు.

పులివెందులలో మా క్లాసు బస్టాండు దగ్గర ఒక కరెంటు సామాన్ల అంగడి పైన జరిగేది. జర్మన్లకు టైమంటే దేవుడు. ఎనిమిదికి రమ్మంటే ఏడు యాభై అయిదుకు తలుపు బయట నిలబడి, ఎనిమిదికి గంట కొడతారు. ముందుగా లోపలికి వచ్చినా తప్పే. ఇది మనవాళ్లకు మాటలతో ఎక్కదు. అందుకని క్లాసు టైము తొమ్మిది కాగానే తలుపు గడియ వేయించేవాణ్ణి. ఆలస్యంగా వచ్చినవాళ్లు పదింటిదాకా మెట్ల మీద కూర్చోవాలి. మొదటి నెల మెట్లన్నీ నిండిపోయేవి. రెండో నెల నుంచి మెట్ల మీద పిల్లులు పడుకునేవి.

ఒక శనివారం ముద్దనూరు దాటాక మా బస్సు టైరు పంచరైంది. నేను మెట్లెక్కేసరికి తొమ్మిదీ పదకొండు. గడియ వేసి ఉంది. తట్టాను. కిటికీలోంచి మల్లేశ్వరి తొంగిచూసింది.

"బస్సు పంచరైందమ్మా, తియ్యి" అన్నాను.

"జర్మనీలో బస్సు పంచరయితే ఏం చేస్తారు సార్?"

"ముందు బస్సుకే బయల్దేరి ఉండాల్సిందంటారు."

"మరి రూలు మీరే పెట్నారు గదా" అని కిటికీ మూసింది. పదింటిదాకా మెట్ల మీద కూర్చున్నాను. లోపల వాళ్లు వాళ్లే పాఠం చదువుకుంటున్నారు. కింద అంగడివాడు జాలిపడి టీ పంపించాడు. ఆరోజు నుంచి ఒక బస్సు ముందే ఎక్కాను, చివరిదాకా.

చల్ల రొట్టె, నాలుగు బకెట్లు, ఆదివారం

పిల్లలు ఎక్కువగా దిగులుపడింది చలికి కాదు, రాత్రి తిండికి. అక్కడ చాలా ఇళ్లలో రాత్రికి పొయ్యి వెలిగించరు. రొట్టె కోసి, వెన్న రాసి, పైన ఏదో ఒక ముక్క పెట్టుకుని తినేసి పడుకుంటారు. ఈ మాట చెప్పిన రోజు క్లాసంతా చావు కబురు విన్నట్టు కూర్చుంది. "పొద్దంతా పని చేసొచ్చి చల్లరొట్టె తినాల్నా సార్? సంగటి ముద్ద లేకుంటే నిద్ర యాడ పడ్తాది" అని ఒకరు, "వాళ్లింట్లో ఆడోల్లకు అదృష్టం గదమ్మే" అని ఇంకొకరు. పెద్ద చర్చ అయింది. చివరికి రాత్రి వంట లేని దేశానికి పోవడం మంచిదేనని తేల్చారు.

చెత్తకు నాలుగు డబ్బాలు. కాగితం ఒకదాంట్లో, ప్లాస్టిక్ ఒకదాంట్లో, తొక్కలు ఒకదాంట్లో, మిగిలింది ఇంకొకదాంట్లో. తప్పు డబ్బాలో వేస్తే పక్కింటివాళ్లు వచ్చి చెబుతారు. అలవాటు కావాలని క్లాసులో నాలుగు రంగుల బకెట్లు పెట్టించాను. పిల్లలు వారమంతా శ్రద్ధగా వేరుచేస్తే, ఊడ్చే ఓబులమ్మ నాలుగూ ఒకే గంపలో కుమ్మరించి మున్సిపాలిటీ ట్రాక్టర్‌లో వేసేది. "అన్నీ పొయ్యేది ఒక్క దిబ్బకే గదా సామీ" అనేది.

ఆదివారం అక్కడ చప్పుడు చేయకూడదు. గోడకు మేకు కొట్టకూడదు, బట్టల మిషను తిప్పకూడదు, పిల్లలు మేడ మీద గంతులేయకూడదు. "కూరలోకి మసాలా నూరేదానికి గూడా ఒప్పుకోరా?" అని అడిగారు. మధ్యాహ్నం మాత్రం వద్దన్నాను. మన ఊళ్లో ఆదివారమంటే నాలుగు దిక్కులా మైకు, మటన్ అంగడి ముందు కేకలు. అట్లాంటి గోల మధ్య బతుకుతూ నేను ఆ నిశ్శబ్దాన్ని వర్ణించేవాణ్ణి. వర్ణించేకొద్దీ నాకే దాని మీద మోజు పెరిగేది. ఎక్కడో ఒక వీధిలో ఆదివారం మధ్యాహ్నం ఆకు రాలినా వినిపిస్తుందని చెబుతుంటే, నా గొంతు నాకే పరాయిగా వినిపించేది. మల్లేశ్వరి తల వంచుకుని రాసుకుంటున్నదల్లా ఒకసారి నా వైపు చూసింది.

వద్దు అనే పాఠం

మన మాట మొరటని కోస్తావాళ్లు అంటారు. జర్మనీలో అది లోపం కాదు. బాగాలేకుంటే బాగాలేదని మొహం మీదే చెబుతారు, చెప్పాక కోపం పెట్టుకోరు. ఈ సంగతిలో మన పిల్లలు మిగతా జిల్లాలవాళ్ల కంటే ఒక మెట్టు పైన ఉన్నారని నాకు గర్వం. కానీ ఒక్కచోట మన మొరటుతనం పనిచేయదు. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మనం నిజం చెప్పం. కడుపు కాలుతున్నా వద్దంటాం. వాళ్లు మళ్లీ అడగాలి, మనం మళ్లీ వద్దనాలి, మూడోసారి బలవంతం చేస్తే అప్పుడు సరేలే అనాలి. మొదటిసారికే చేయి చాచినవాణ్ణి ఆశపోతు అంటాం.

జర్మన్లు ఒక్కసారే అడుగుతారు. వద్దంటే వద్దనే అనుకుంటారు.

ఇది నేను పుస్తకంలో చదివి కూడా మొదటి బ్యాచ్‌కు గట్టిగా చెప్పలేదు. ఆ బ్యాచ్‌లో దువ్వూరు అమ్మాయి ఒకతి జర్మనీ పోయింది. దిగిన రోజు రాత్రి తోటి నర్సు ఇంటికి తీసుకుపోయి, ఏమైనా తింటావా అని అడిగిందట. ఈ పిల్ల వద్దంది. ఆమె సరేనని గిన్నెలు సర్దేసి, దుప్పటి ఇచ్చి, దీపం ఆర్పింది. పిల్ల రాత్రంతా ఆకలితో పడుకుని, తెల్లారి వాళ్లమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది. వాళ్లమ్మ నాకు చేసింది.

"ఏం నేర్పిచ్చినావు సామీ నా బిడ్డకు? ఎన్నెన్నో నేర్పిచ్చినావు. అన్నం పెట్టమ్మా అని అడిగేది నేర్పియ్యలేదే."

తిట్టినా బాధపడేవాణ్ణి కాదేమో. ఆమె మామూలుగా అడిగింది. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సయించలేదు.

అప్పుడు మొదలుపెట్టాను ఈ పాఠం. శనివారం పొట్లం నిండా వేడి జిలేబి తీసుకుపోయేవాణ్ణి. ఒక్కొక్కరి దగ్గరకు పోయి, జిలేబి తీసుకుంటావా అని జర్మన్లో ఒక్కసారి అడిగేవాణ్ణి. 'యా, గెర్న' అనాలి. అవును, సంతోషంగా తీసుకుంటాను అని అర్థం. అన్నవాళ్లకు జిలేబి. సిగ్గుపడి వద్దన్నవాళ్లను దాటిపోయేవాణ్ణి, వెనక్కి చూసేవాణ్ణి కాదు. చూడ్డానికి క్రూరంగా ఉంటుంది. నాకు తెలిసినంతలో నేను చెప్పిన పాఠాల్లో పనికొచ్చింది ఇదొక్కటే.

మిగతా అన్నిట్లో ముందుండే మల్లేశ్వరి ఇక్కడ ఓడిపోయింది. మూడు శనివారాలు వద్దంది. నాలుగో వారం కారణం అడిగాను.

"గొర్రెల్ని తోలుకోని ఊరూరూ పోతాంటాం గదా సార్. ఎవురో చేన్లో మంద కడ్తాం. ఆ ఇంటోల్లు అన్నం తింటారా అంటే మొదటిసారికే ఊ అనగూడదని మా నాయన కొట్టినంత పని చేసినాడు. గొర్రెలోల్లు తిండికే వచ్చినారనుకుంటారని."

"వాళ్లు మళ్లీ అడుగుతారా?"

"అడుగుతారు సార్. అడక్కుండా యాడుంటారు?"

"అక్కడ అడగరమ్మా" అని పొట్లం ముందు పెట్టి మళ్లీ మొదటి నుంచి అడిగాను. కళ్లనీళ్లు తిరుగుతుండగా 'యా, గెర్న' అంది. జిలేబి తీసుకుని చాలాసేపు చేతిలో పట్టుకునే ఉంది. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఫ్లెక్సీ

జర్మనీ నుంచి ఫ్రావ్ కెస్లర్ వచ్చింది జమ్మలమడుగు సెంటర్‌కు. ఫ్రావ్ అంటే శ్రీమతి. ఉత్తరాన సముద్రం దగ్గర ఒక చిన్న ఊళ్లో ముసలివాళ్లను చూసుకునే హోం నడిపేది. తనకు కావలసిన నర్సులను తనే చూసి ఎంచుకుంటానని వచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, చేతిలో ఎప్పుడూ ఒక చిన్న నోటుపుస్తకం.

ఆమె పాస్‌పోర్టు కాపీలో పుట్టినరోజు మరునాడే అని ఓబుల్‌రెడ్డి కనిపెట్టాడు. నాకు చెప్పకుండా సెంటర్ ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. పైన పెద్దగా ఫ్రావ్ కెస్లర్ ఫోటో, కింద చేతులు జోడించి ఓబుల్‌రెడ్డి, వాళ్ల బావమరదులు నలుగురు, జన్మదిన శుభాకాంక్షలు. కారు దిగిన ఆమె దాన్ని చూసి తెల్లబోయింది.

ఆ దేశంలో పుట్టినరోజుకు ముందు శుభాకాంక్షలు చెప్పకూడదు. అపశకునం. నాకు తెలుసు, పిల్లలకు చెప్పాను. యజమానికి చెప్పాలని తోచలేదు. విషయం చెప్పగానే ఓబుల్‌రెడ్డి నాలుక కరుచుకున్నాడు.

"అట్లనా? ఆయమ్మకు ఏమన్నా అయితే మన మీదికొచ్చాది. మూసేయండప్పా, మూసేయండి" అని లాడ్జి నుంచి రెండు దుప్పట్లు తెప్పించి ఫ్లెక్సీకి కప్పించాడు. మరునాడు పొద్దున్నే ఆయనే తాడు లాగి తెరిచాడు. ఆమె కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది.

ఇది మరునాటి సంగతి. మొదటిరోజు మధ్యాహ్నం జరిగింది వేరు.

నా తప్పు

పొద్దున ఇంటర్వ్యూలు. మల్లేశ్వరి వంతు వచ్చింది. "మా ఊళ్లో చలికాలం నాలుగింటికే చీకటి పడుతుంది. ఒంటరిగా ఉంటుంది. పని కష్టం. వస్తావా?" అని ఫ్రావ్ కెస్లర్ అడిగింది.

"యా, గెర్న" అంది మల్లేశ్వరి, రెప్ప వేయకుండా. ఫ్రావ్ కెస్లర్ నోటుపుస్తకంలో రాసుకుంది. నేను కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను.

మధ్యాహ్నం భోజనం ఓబుల్‌రెడ్డి అక్కగారింట్లో, ఇంటర్వ్యూకు వచ్చిన పిల్లలతో సహా అందరికీ. అక్కగారు ఫ్రావ్ కెస్లర్ ఆకులో ఓళిగ (బొబ్బట్టు) మీద ఓళిగ వేస్తూ పోయింది. వద్దు, చాలు అంటున్నా వేసింది. ఫ్రావ్ కెస్లర్ ఆయాసపడుతూ నన్ను అడిగింది, నేను వద్దన్నది ఈమెకు అర్థం కాలేదా అని. నేను మన పద్ధతి చెప్పాను. మొదటి వద్దు మర్యాద, రెండో వద్దు కూడా మర్యాదే, మూడోదాని తర్వాత ముఖం చూసి నిర్ణయించుకుంటాం అన్నాను. ఆమె ఆశ్చర్యపోయి అది కూడా రాసుకుంది. అందరూ నవ్వారు. నాకు ఆరోజు నా జర్మన్ మీద నాకే ముచ్చటేసింది. మాట ఎక్కడా తడబడలేదు. ముప్పై ఏళ్లు తలుపు వేసుకుని చదివిన చదువు ఆరోజు నోట్లోంచి నీళ్లలా వచ్చింది.

చేతులు కడుక్కున్నాక ఆమె నా దగ్గరకు వచ్చింది.

"ప్రతి ఏడాదీ చలికాలంలో ఒక టీచరును మూడు వారాలు మా హోంకు పిలుస్తాం. నర్సులు కొత్తలో తడబడకుండా సాయంగా ఉంటారు. ఖర్చంతా మాది. మీరు వస్తారా?"

అప్పుడు నా చెవుల్లో గుడి గంట మోగినట్టయింది. ఎర్ర పెంకుల ఇళ్లు, మంచు, సైకిలు మనిషి, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. నలభై ఏళ్ల కోరిక ఎదురుగా నిలబడి వస్తావా అని అడుగుతున్నది. నేను చేతులు జోడించి, చిరునవ్వు నవ్వి, తప్పులేని జర్మన్లో అన్నాను.

"అయ్యో, వద్దండి. మీకెందుకు అంత శ్రమ."

"అయ్యో, అట్లాగా" అని ఆమె తలూపి, నోటుపుస్తకం సంచిలో పెట్టుకుంది.

నేను రెండోసారి కోసం చూస్తూ నిలబడ్డాను. వందమందికి జిలేబి పెట్టి నేర్పిన పాఠం ఆ క్షణాన నాకు గుర్తే రాలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్న మల్లేశ్వరికి మాత్రం అంతా వినిపించింది. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "సార్, వద్దన్నారా మీరు?"

"మళ్లీ అడుగుతుందిలే" అన్నాను.

సాయంత్రం గండికోట చూపించాం. లోయ అంచున, పెన్న మీద ఎండ వాలుతుంటే ఆమె చాలాసేపు నిలబడింది. పక్కనే నేను. ఇప్పుడడుగుతుంది, ఇప్పుడడుగుతుంది అని నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఆమె రాళ్ల వయసు గురించి అడిగింది, చెప్పాను. కారెక్కేటప్పుడు అడుగుతుందనుకున్నాను. మల్లేశ్వరి దూరం నుంచి నన్నే చూస్తోంది. కారు తలుపు పడింది.

మరునాడు ఫ్లెక్సీ తెరిచాక, ఫ్రావ్ కెస్లర్ సంచిలోంచి పెద్ద పొట్లం తీసింది. అక్కడ పుట్టినరోజువాళ్లే అందరికీ కేకు పెట్టాలి. రాత్రే ఎవరినో పట్టుకుని బేకరీకి పోయి కొబ్బరి పెట్టిన తీపి రొట్టె, దిల్‌పసంద్, కొనుక్కొచ్చిందట. నా ముందుకొచ్చి తీసుకుంటారా అంది.

"యా, గెర్న" అన్నాను. దిల్‌పసంద్‌కు సరైన జవాబు చెప్పాను. దేశానికే తప్పు చెప్పాను.

ఆమె వెళ్లిపోయింది. ఇంటికొచ్చి సుభద్రకు చెప్పాను. "ఒక్కసారి ఊ అనింటే ఏం పోయేది మీకు?" అంది. తర్వాత మూడుసార్లు ఉత్తరం రాశాను, వస్తానని. మూడుసార్లూ చించేశాను. వద్దన్నవాడు మళ్లీ పిలిపించుకోవడానికి రాయడం నాకు చేతకాలేదు. ఆ తర్వాత కరోనా వచ్చింది, అన్నీ ఆగిపోయాయి. ఆ హోం టీచర్లను పిలవడం మానేసిందని, ఫ్రావ్ కెస్లర్ రిటైరైందని విన్నాను. క్లాసులు మళ్లీ మొదలయ్యాక నేను ఆ దేశం గురించి చెబుతూనే వచ్చాను. మంచు గురించి చెప్పవలసిన పాఠం మాత్రం పిల్లలచేత చదివించేవాణ్ణి.

ఆదివారం ఫోను

మల్లేశ్వరి ఆ హోంలోనే ఉద్యోగం చేస్తోంది. పోయి చూసి చెప్తాననింది గదా, మాట తప్పలేదు. ఆదివారం మన సాయంత్రానికి, వాళ్ల మధ్యాహ్నం నిశ్శబ్దంలో ఫోన్ చేస్తుంది. గొంతు తగ్గించి మాట్లాడుతుంది. మంచు మొదట పడినరోజు కిటికీ తెరిచి ఫోను బయట పెట్టింది. "ఇనపడ్తాందా సార్? ఏం ఇనపడదు గదా. అదే సార్ మంచు" అంది.

నేను పని మానేశానని చెప్పిన ఆదివారం ఆమె నా మోకాళ్ల సంగతి అడిగింది. తర్వాత ఇన్నాళ్లు చెప్పని సంగతి చెప్పింది.

"సార్, ఫ్రావ్ కెస్లర్ ఇప్పుడు మా హోంలోనే ఉండాది. తుంటి ఎముక ఇరిగింది. నేనే చూసుకుంటాండా. సూపు పొయ్యనా అంటే వద్దంటాది. నేను రెండోసారి అడుగుతా. మొదట్లో కోప్పడేది. ఇప్పుడు రెండోసారికి గిన్నె ముందుకు జరుపుతాది సార్."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పోయిన వారం అడిగినా సార్. ఆపొద్దు మా సార్‌ను ఒక్కసారే అడిగి ఇడ్సిపెట్టినారేమి అని. మా పద్ధతి సార్ మీకు అన్నం కాడ చెప్పినారు గదా అని."

"ఏమంది?"

"ఆ మనిషి నాతో జర్మన్లో వద్దన్నాడు, మా ఊరిమనిషి మాదిరే మాట్లాడినాడు, అందుకే అది మావోల్లు చెప్పే 'వద్దు' మాదిరే అనుకున్యా అనింది సార్. మళ్లా అడిగితే ఆయన్ను అవమానం చేసినట్లయితాదని అడగలేదంట."

ముప్పై ఏళ్లు తలుపు వేసుకుని ఏ మనిషిని కావాలని చదివానో, ఆమె కళ్లకు ఆ మధ్యాహ్నం నేను ఆ మనిషినే అయ్యాను. అదే నాకు అడ్డమొచ్చింది. సంతోషమో దుఃఖమో తెలియలేదు. సుభద్ర గరిటె చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సార్, ఫోను ఆయమ్మకు ఇస్తాండా" అంది మల్లేశ్వరి.

కాసేపు గాలి చప్పుడు. తర్వాత ఫ్రావ్ కెస్లర్ గొంతు. సన్నగా, అరిగిపోయి ఉంది, కానీ మాట అదే తిన్నగా ఉంది. తనకూ ఆరోజు నోటుపుస్తకంలో రాసుకున్న మన మూడు వద్దుల పద్ధతి గుర్తుందని చెప్పింది. జనవరిలో మంచు పడుతుందని, హోంలో ఒక గది ఖాళీ ఉందని, భార్యాభర్తలిద్దరికీ సరిపోతుందని చెప్పింది. టికెట్లు మల్లేశ్వరి కొంటానందట. మోకాళ్లు నొప్పి అంటారేమో, ఇక్కడ చక్రాల కుర్చీలకు కొదవలేదు అని కూడా అంది. చివరికి ఇట్లా అంది.

"రెండోసారి అడుగుతున్నాను. వస్తారా?"

మన పద్ధతి ప్రకారం ఇంకొకసారి వద్దనాలి. మూడోసారి కోసం చూడాలి. వద్దు అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చిందంటే నమ్మండి. సుభద్ర ముఖం చూశాను. ఆమె కళ్లతోనే నన్ను గద్దించింది.

"యా, గెర్న" అన్నాను. గొంతు పూర్తిగా రాలేదు. అందుకని మళ్లీ అన్నాను.

ఫోను చేతులు మారిన చప్పుడయింది. మల్లేశ్వరి ఆదివారమని మరిచిపోయి గట్టిగా ఏడుస్తోంది. నవ్వుతోందేమో కూడా.

"జిలేబి మీకే సార్" అంది.